కనిపెట్టుము అంటే కనుక్కోమనా, కాచుకోమనా?

హబక్కూకు 2:3లో "అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము" అని ఉంది కదండీ. మా తమ్ముడు అది చూపించి, అంతం ఎప్పుడో కనిపెట్టమని బైబిలే చెప్తోందిగా అంటాడు. వాడు యూట్యూబ్‌లో తేదీల లెక్కల వీడియోలు తెగ చూస్తాడు లెండి. ఇక్కడ కనిపెట్టడమంటే ఎదురుచూడటమే అని నా అనుమానం. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
మీ అనుమానమే కరెక్టండీ. "పాలు పొంగుతాయే, కాస్త కనిపెట్టుకుని ఉండు" అని మా అమ్మమ్మ పెరట్లోంచి కేకేసేది. చూపు అక్కడే పెట్టి కాచుకోవడం. సైన్సు పాఠాలొచ్చాక 'కనుక్కోవడం' ఒక్కటే మనకు ముందు తడుతోంది.

తమాషా ఏంటంటే యూదు పండితుల చర్చలు కూర్చిన పాత గ్రంథం తాల్ముదులో (సన్‌హెద్రిన్ 97బి) ఇదే వాక్యాన్ని తేదీలు లెక్కగట్టేవాళ్ళ మీదికి వాడారు. రబ్బీ యోనాతాన్ పేరు మీద చెప్పిన ఆ మాట పచ్చి తిట్టు, తెలుగులో పెడితే "అంతాన్ని లెక్కగట్టేవాళ్ళ ఎముకలు కుళ్ళ!" ఎందుకంత కోపం అంటే, వీళ్ళు చెప్పిన గడువు దాటిపోయి మెస్సీయ రాకపోతే జనం ఇంక ఎప్పటికీ రాడులే అనేస్తారు. అందుకే లెక్కలు మాని కనిపెట్టుము, అంటే కాచుకో. అక్కడే యెషయా 30:18 కూడా తెస్తారు, "ఆయన నిమిత్తము కనిపెట్టుకొనువారందరు ధన్యులు". హీబ్రూలో రెండుచోట్లా ఒకటే క్రియ, మన అనువాదంలోనూ ఒకటే పడింది, ఆ చేసినవాళ్ళకి దండం పెట్టాలి.

తిట్టారని ఎవరైనా మానారా, అబ్బే. 1665లో షబ్బతై జ్వీ తానే మెస్సీయనన్నాడు, యూరప్ యూదులు మూటలు కట్టేశారు. జర్మనీలో గ్లూకెల్ అనే ఆవిడ తన జ్ఞాపకాల్లో రాసుకుంది, పవిత్రదేశానికి ప్రయాణమని వాళ్ళ మామగారు బట్టలు, బఠాణీలు, చిక్కుళ్ళు, ఎండు మాంసం పీపాల్లో కుక్కి హాంబర్గ్ పంపారట. జ్వీ ఏమో 1666లో సుల్తాను ముందు ఇస్లాం పుచ్చుకున్నాడు. పీపాలు అలాగే ఏడాది దాటి ఉండిపోయాయి, చివరికి మాంసం కుళ్ళుతుందేమోనని తిండి సామాను తీసేయమని కబురొచ్చింది. ఎముకలు కాదు గానీ కుళ్ళే యోగం మాంసానికి పట్టబోయింది!

ఆ తిట్టును తన ధర్మశాస్త్రంలోకి కూడా ఎక్కించిన 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిదీసే, యెమెన్ యూదులకు రాసిన లేఖలో లెక్కలు వద్దు వద్దు అంటూనే, మా ఇంట్లో తాతల నాటి లెక్క ఒకటుంది అంటూ మెస్సీయకు ముందు ప్రవచనం (ప్రవక్తలు పలకడం) తిరిగొచ్చే ఏడాది చెప్పేశాడు. ఆయనకే ఆగలేదు పాపం.

చాలా థాంక్సండీ. మొత్తం తమ్ముడికి చదివి వినిపించాను. కాచుకోవడమనే ఒప్పుకున్నాడు. కాకపోతే మైమోనిదీస్ ఏ ఏడాది అన్నాడో కనుక్కోమంటున్నాడు.