ఆరో తరగతి తొలి బొమ్మ: చార్టు చూసి దించుడా, ఎదురుగున్నది చూసి గీసుడా?

నల్లగొండ డ్రాయింగ్ సార్:
ఇంకా చాలా బళ్లల్ల 6వ తరగతి డ్రాయింగ్ అంటే రెండు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. మన ఊర్ల చుట్టూ ఉన్నయి తాటిచెట్లు. తాటిచెట్టు వేయమంటే మాత్రం పిల్లల చేతులు ఆగిపోతయి, దానికి చార్టు లేదు కాబట్టి. దసరా సెలవుల దాంక చార్టు బంద్ పెట్టాలె అంటున్న. తంగేడు కొమ్మ ముందల పెట్టి, కాగితం దిక్కు చూడకుండ అంచు వెంబడి పెన్సిల్ నడిపియ్యాలె. గీత వంకర పోతది, పోనీయండి. ఆకులు జంటలు జంటలుగ ఉంటయని అప్పుడే కనిపెడ్తరు.

పాలమూరు అమ్మ:
సార్, మా బిడ్డ 7వ తరగతి. గీత వంకర వస్తే "నాకు రాదు" అని పుస్తకం మూసేస్తది. చూసి దించితే ఒక బొమ్మ పూర్తి చేసిన అన్న ధైర్యమన్న ఉంటది. రేపు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ సర్కారు పరీక్ష రాయాలన్నా చేయి తిరగాలె కద?

పోచంపల్లి మగ్గం:
మా ఇంట్ల ఇక్కత్ చీర నేతకు డిజైన్ ముందుగాల గ్రాఫ్ కాగితం మీదికే ఎక్కుతది. రంగు తగలొద్దన్న కాడ నూలును రబ్బరుతోని బిగించి కడ్తం, అద్దినంక విప్పుతం. నేసేటప్పుడు పోగులు రవ్వంత జరుగుతయి, అందుకే చీర మీది చిలుక బొమ్మ అంచు మసక మసకగ వస్తది. పిల్లలకు లెక్కల గళ్ల నోట్‌బుక్ ఇచ్చి, వంపు గీతనే లేకుండ చిలుకను వేయమనండి. చేయి వణికే పిల్ల గూడ గడి నింపగలదు, ఏ గడి నింపాలెనో మాత్రం ఆమెనే తేల్చుకోవాలె. 2005ల జీఐ (ఇది ఈ ఊరి పనే అని చెప్పే) గుర్తింపు వచ్చిన పనికి మన బడిల ఒక్క పీరియడ్ దొరకదా?

నల్లగొండ డ్రాయింగ్ సార్:
గళ్ల చిలుక మొదటి వారమే పెడ్త. అమ్మా, మీ బిడ్డకు గూడ అది సులువు. నీడల పాఠానికి మాత్రం చార్టు అస్సలు వద్దు, అండ్ల యాపిల్‌ పండుకు ఎప్పుడూ ఒక్క దిక్కే నీడ. మన నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల పొద్దంత గర్భగుడిల స్తంభం నీడ కనబడ్తది. అది చూపిచ్చి, బడికొచ్చి రెండు టార్చ్‌లైట్లు, ఒక చాక్‌పీసుతోని ఆ నీడ ఎట్ల పడ్తదో పిల్లలనే వెతకమనాలె.

వనపర్తి టీచర్:
రంగులు కొనలేని బళ్ల సంగతి? జాజు (ఎర్రమట్టి), బొగ్గు మెత్తగ నూరి తుమ్మబంక నీళ్లల్ల కలిపితే చాలు. పసుపుల సున్నం పడితే ఎర్రబడ్తది, పిల్లలకు మస్తు సంబురం. సున్నం మాత్రం టీచరే కలపాలె, కండ్లల్ల పడితే ప్రమాదం. పసుపు ఎండకు వెలుస్తది, గోడకు పెట్టే బొమ్మలకు జాజే వాడండి.

పాలమూరు అమ్మ:
చిలుకకు ఒప్పుకుంటున్న. తంగేడు కొమ్మ మాత్రం దాని తర్వాతనే పెట్టుండ్రి సార్. మొదటిరోజే వద్దు.