థొరాక్స్ అంటే ఛాతీయేనా? వక్షం, ఉరస్సు, రొమ్ము అనే మాటల గురించి ఒక సందేహం

మధురవాడ ఉపాధ్యాయిని:
అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఉన్నత పాఠశాల పిల్లలకు తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. శ్వాసక్రియ పాఠంలో ఉరఃకుహరం (ఛాతీ లోపలి గది) అని, కీటకాల పాఠంలో తల, వక్షం, ఉదరం అని చెబుతాం. ఇంగ్లిషు పుస్తకంలో మాత్రం రెండు చోట్లా థొరాక్స్ అనే ఒకే మాట కనిపిస్తుంది. నిన్న ఒక అమ్మాయి లేచి, "టీచర్, బొద్దింకకు ఎముకలే లేవు కదా, మరి ఛాతీ ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆ మాట అసలు అర్థం తెలియక సరైన జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

లాసన్స్ బే విశ్రాంత వైద్యుడు:
అమ్మా, మీ విద్యార్థిని చాలా మంచి ప్రశ్న అడిగింది. థొరాక్స్ గ్రీకు మాట, దాని తొలి అర్థం కవచం. ప్రాచీన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో వీరులు యుద్ధానికి ముందు ధరించేది థొరాక్సే. కంచు పలకలను ముందూ వెనుకా బిగించి కట్టుకునే ఆ కవచం పేరే క్రమంగా అది కప్పే శరీరభాగానికి వచ్చింది. అరిస్టాటిల్ మెడ నుంచి జననాంగాల దాకా ఉన్న మొండెమంతటినీ ఈ మాటతోనే చెప్పాడు; నేటి వైద్యంలో అది మెడ కింది నుంచి ఉదరవితానం (ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండర పొర) వరకే పరిమితమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనం ఛాతీ అన్నప్పుడు మనసులో మెదిలేది ముందు భాగం మాత్రమే, కాని థొరాక్స్‌లో వీపు కూడా ఉంది: వెనుక 12 వెన్నుపూసలు, వాటి నుంచి చుట్టూ వంగి వచ్చే 12 జతల పక్కటెముకలు, ముందు ఉరోస్థి, అంటే రొమ్ము ఎముక. చివరి రెండు జతలు ఉరోస్థి వైపు రాకుండానే ఆగిపోతాయి. ఛాతీ ముందు భాగానికి గ్రీకులో స్టేథోస్ అనే వేరే మాట ఉంది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లాయెనెక్ కనిపెట్టిన స్టెతస్కోప్ పేరులో ఉన్నది అదే. ఇక బొద్దింక సంగతి: దాని గట్టి పెంకు ఒంటికి బయట ఉంటుంది, మూడు జతల కాళ్ళూ రెక్కలూ ఆ మధ్యభాగానికే అతుక్కుని ఉంటాయి. కవచం అనే మూలార్థం మనకన్నా దానికే చక్కగా కుదురుతుందని నా అభిప్రాయం.

సీతమ్మధార సంస్కృత అధ్యాపకుడు:
డాక్టరు గారు చెప్పినది చదివాక ఒక పోలిక గుర్తుకు వచ్చింది. అమరకోశం "ఉరో వత్సం చ వక్షశ్చ" అని ఈ అవయవానికి మూడు పేర్లు చెబుతుంది. కవచానికి చెప్పిన పేర్లలో ఉరశ్ఛదం ఒకటి, అంటే ఉరస్సును కప్పేది. గ్రీకులో కవచం పేరు శరీరానికి రాగా, సంస్కృతంలో శరీరం పేరే కవచానికి వెళ్ళింది! రొమ్ముతో పాకేది కనుకనే పాము ఉరగమయింది. ఉరస్సు, వక్షస్సు పర్యాయపదాలే కాబట్టి, మనిషికి ఒకటి, కీటకానికి ఒకటి అన్నది పాఠ్యపుస్తకాల పరిభాషలో ఏర్పడిన అలవాటే తప్ప అర్థంలోని భేదం కాదు.

ఛాతీ హిందీ నుంచి వచ్చి మన వాడుకలో స్థిరపడింది. నాకు బాధ కలిగించేది రొమ్ముకు పట్టిన గతి. రొమ్ము విరుచుకొని నిలబడ్డాడు, రొమ్ము పడిశం పట్టింది అని ఆడా మగా తేడా లేకుండా వాడిన అచ్చ తెలుగు మాట అది. ఇప్పుడు స్త్రీ అవయవానికే పరిమితమై, తరగతి గదిలో పలకడానికి సంకోచించే స్థితికి వచ్చింది. ఎద అనే మాట కూడా కవిత్వానికే మిగిలిపోయింది, పక్కనున్న కన్నడంలో ఎదె మాత్రం నేటికీ మామూలు మాటే.

మధురవాడ ఉపాధ్యాయిని:
మాస్టారూ, డాక్టరు గారూ, ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సోమవారం ఆ అమ్మాయినే బల్ల దగ్గరకు పిలిచి బొద్దింక నమూనాలో వక్షం మూడు ఖండాలనూ చూపిస్తాను, కవచం కథ చెబుతాను. రొమ్ము ఎముక అనే మాటను కూడా ఉరోస్థి పక్కనే నల్లబల్లపై రాస్తాను.