‘ఎగ్జార్బిటెంట్’ అద్దెలంటే ‘అధిక’ అద్దెలేనా?

ప్రశ్న: ఇంటద్దెల మీద ఒక ఇంగ్లీషు వార్తను తెలుగు చేస్తున్నాను. అందులో ‘ఎగ్జార్బిటెంట్ రెంట్స్’ అని ఉంది. ‘అధిక అద్దెలు’ అంటే సరిపోతుందా?

– చప్పగా ఉంటుందండీ. ‘అధిక’ అనేది ‘హై’కి చాలు. ‘ఎక్సెసివ్’ అంటే ఉండాల్సినదాన్ని మించినది. వాన, ఉప్పు, వేగం, దేనికైనా చెల్లుతుంది. ‘ఎగ్జార్బిటెంట్’ ఎక్కువగా ఒకరు అడిగి వసూలు చేసేదానికి పడుతుంది: ధర, అద్దె, ఫీజు, వడ్డీ. అడిగినవాడు న్యాయం తప్పాడన్న నింద ఆ మాటలోనే ఉంది. అందుకే ‘అడ్డగోలు అద్దెలు’ అంటాను. ‘ఆకాశాన్నంటిన అద్దెలు’ అంటే ఎంత పెరిగాయో తెలుస్తుంది గానీ నింద పోతుంది.

– మూలం చూసినా ‘అడ్డగోలు’ నప్పుతుంది. లాటిన్‌లో ‘ఆర్బిటా’ అంటే బండిచక్రం పడిన గాడి, ‘ఎక్స్’ అంటే బయటికి. అచ్చం మన ‘గాడి తప్పడం’. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో దీనికి నియమం దాటినది, చట్టం పరిధిలో ఇమడనిది అనే అర్థం ఉండేది. ధరల మీదికి తర్వాత మళ్లింది. అలాగని ‘గాడి తప్పిన అద్దె’ అనకండి. మనకు పాలన గాడి తప్పుతుంది, చదువు గాడి తప్పుతుంది, అద్దె తప్పదు.

– ఆ పాత అర్థం చట్టభాషలో ఇంకా ఉంది. ఫ్రాన్సు పౌరస్మృతి (1804) 14వ అధికరణం ప్రకారం, ఒప్పందం విదేశంలో కుదిరినా సరే, ఫ్రెంచి పౌరుడు విదేశీయుడి మీద ఫ్రాన్సు కోర్టులోనే దావా వేయవచ్చు. ఇలాంటిదాన్ని ‘ఎగ్జార్బిటెంట్ జ్యూరిస్‌డిక్షన్’ అంటారు. ఇక్కడ ఖర్చు ఊసే లేదు. ‘హద్దు మీరిన విచారణాధికారం’ అనాలి.

ప్రశ్న: కోర్టు తీర్పుల్లో జాప్యానికీ ఇదే వాడతారా?

– లేదు, అక్కడ ‘ఇనార్డినేట్ డిలే’. తెలుగులో ‘మితిమీరిన జాప్యం’. ‘వెరీ ఎగ్జార్బిటెంట్’ కూడా వద్దు, మించిపోవడం మాటలోనే ఉంది కదా. ఇక స్పెల్లింగులో చాలామంది ఎక్స్ తర్వాత హెచ్ పెడతారు. ‘ఎగ్జిబిట్’, ‘ఎగ్జాస్ట్’ రాసిన అలవాటు కాబోలు. దీనికి హెచ్ లేదు. పలకడంలో ఒత్తు రెండో అక్షరం ‘జార్’ మీద.

– వడ్డీ దగ్గర ఇంకో చిక్కు, ఇది తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు. ‘పది రూపాయల వడ్డీ’ అంటే మనకు నెలకు నూటికి పది. దాన్ని ‘టెన్ పర్సెంట్’ అని వదిలేస్తే ఇంగ్లీషు పాఠకుడు ఏడాది లెక్క అనుకుంటాడు, పక్కన ‘ఎగ్జార్బిటెంట్’ ఎందుకుందో అర్థం కాదు. ‘నెలకు 10 శాతం’ అనో, చక్రవడ్డీ కాకపోతే ‘ఏడాదికి 120 శాతం’ అనో రాయండి. అదే రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 24 శాతం. దానికి ఈ విశేషణం తగిలించాలో లేదో రాసేవారే తేల్చుకోవాలి. నేనైతే ‘హై’తో ఆగిపోతాను.