సైకిల్ ఉన్నవారు పన్ను మినహాయింపుతో మరో సైకిల్ తీసుకోవడం సబబేనా? (యూకే)

రీడింగ్ రాజు:
అందరికీ నమస్కారం. మా కంపెనీలో ఉద్యోగులకు పన్ను మినహాయింపుతో సైకిల్ ఇచ్చే సైకిల్ టు వర్క్ పథకానికి దరఖాస్తు గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. నా దగ్గర ఒక పాత హైబ్రిడ్ సైకిల్ ఉంది. గొలుసు, బ్రేకు ప్యాడ్లు మార్చుకుంటూ నెట్టుకొస్తున్నాను. దాని బదులు 2,400 పౌండ్ల కార్బన్ రోడ్ సైకిల్ తీసుకుందామనుకుంటున్నాను. వారంలో రెండు రోజులు ఆఫీసుకు వెళ్తాను, ఇంటి నుంచి స్టేషన్ దాకా సైకిలే. ఆదివారాలు హెన్లీ వైపు చాలా దూరం తొక్కుతాను. నా జీతం 40 శాతం పన్ను పరిధిలో ఉంది. నిజంగా ఎంత మిగులుతుందో, ఇలా తీసుకోవడంలో అభ్యంతరమేమైనా ఉందో తెలిసినవారు చెప్పగలరు.

పద్దులాయన:
రాజు గారూ, ముందు లెక్క చూద్దాం. సైకిల్‌ను కంపెనీ కొని మీకు అద్దెకిస్తుంది. ఆ అద్దెను పన్ను కట్టకముందు జీతంలోంచే కోస్తారు. 2,400 పౌండ్లను పన్నెండు నెలలకు సర్దితే నెలకు 200. మీకు ఆదాయపు పన్ను 40, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతం మీద కట్టే సామాజిక భద్రత చందా) 2, మొత్తం 42 శాతం మిగులుతుంది కాబట్టి చేతికొచ్చే జీతంలో తగ్గేది 116 పౌండ్లే, ఏడాదికి 1,392. అదే 20 శాతం పన్ను కట్టేవారికి 8 శాతం ఇన్సూరెన్స్ కలిపి మిగిలేది 28 శాతం, అంటే వారికి ఏడాదికి 1,728 అవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అద్దె గడువు తీరినంత మాత్రాన సైకిల్ మీది కాదు. ఏడాది తిరగగానే సొంతం చేసుకుంటే, 500 పౌండ్లు, ఆపైన ధర ఉన్న సైకిళ్ళకు హెచ్‌ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) పట్టిక ప్రకారం విలువ 25 శాతం, అంటే మరో 600 పౌండ్లు కట్టాలి. అప్పుడు మీ మొత్తం ఖర్చు 1,992. తక్కువ పన్ను కట్టేవారి ఖర్చు 2,328, అంటే వారికి మిగిలేది 72 పౌండ్లు మాత్రమే. అద్దె ఒప్పందాన్ని నాలుగేళ్ళు నిండేదాకా పొడిగిస్తే విలువ 7 శాతానికి, అంటే 168 పౌండ్లకు పడిపోతుంది. అందుకే సంతకం పెట్టకముందే, పొడిగింపు ఉందా లేదా అని మీ హెచ్‌ఆర్ వారిని రాతపూర్వకంగా అడగండి.

కొల్లేరు:
కార్బన్ సైకిల్‌ను స్టేషన్ స్టాండులో రోజంతా వదిలేసి రైలెక్కుతారా?

రీడింగ్ రాజు:
పద్దులాయన గారికి ధన్యవాదాలు. పొడిగింపు ఉంది, అడిగాను. కొల్లేరు గారూ, స్టేషన్‌కు పాత హైబ్రిడ్ మీదే వెళ్ళే రోజులు కూడా ఉంటాయి, రెండు గట్టి తాళాలు కూడా ఈ పథకం కిందే తీసుకుంటున్నాను.

హ్యారో వాసి:
సరిగ్గా అక్కడే చిక్కు ఉంది. సైకిల్‌ను ప్రధానంగా, అంటే సగానికి మించి, పనికి వెళ్ళిరావడానికో పని మీద తిరగడానికో వాడాలన్నది ఈ మినహాయింపుకు షరతు. స్టేషన్ దాకా వెళ్ళడం కూడా ఆ ప్రయాణంలో భాగమేనని ఒప్పుకుంటాను. కానీ మీరు స్టేషన్‌కు పాత సైకిల్ మీద వెళ్ళి, కొత్త సైకిల్ మీద ఆదివారం హెన్లీ వెళ్తానంటున్నారు. అలాంటప్పుడు కొత్త సైకిల్ వాడకంలో సగానికి పైగా ఉద్యోగానికని ఎలా చెప్పగలరు?

రీడింగ్ రాజు:
పాత సైకిల్ మీద వెళ్ళే రోజులు కూడా ఉంటాయన్నాను, అన్ని రోజులూ అనలేదు. పైగా ఎవరూ లాగ్‌బుక్ రాసి చూపించనవసరం లేదని మార్గదర్శకాలే చెబుతున్నాయి.

హ్యారో వాసి:
లెక్క చూపనక్కర్లేదన్నంత మాత్రాన షరతు మాసిపోదు. ఇంటి నుంచి స్టేషన్ మహా అయితే రెండు మైళ్ళుంటుంది. ఆదివారం మీరు తొక్కే దూరంతో పోలిస్తే అదెంత? వానాకాలమంతా ఆదివారాలు ఇంట్లోనే ఉన్నా మైళ్ళ లెక్కలో మీరు గట్టెక్కలేరు.

రీడింగ్ రాజు:
మైళ్ళ లెక్కే ఎందుకు తీసుకోవాలి? ప్రయాణాల సంఖ్య తీసుకుంటే వారానికి స్టేషన్‌కు పోవడం రెండు, రావడం రెండు, మొత్తం నాలుగు, ఆదివారం ఒక్కటి. నాదే పైచేయి.

సిస్టర్ సునంద:
మీ మైళ్ళ పంచాయితీ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇది చదివేవారిలో గర్భిణులుంటే వారికొక్క మాట చెప్పాలి. ప్రసూతి వేతనంలో తొలి ఆరు వారాలకు ఇచ్చేది సగటు వేతనంలో 90 శాతం. ఆ సగటును కాన్పు తేదీకి పదిహేను వారాల ముందరి వారంతో ముగిసే సుమారు రెండు నెలల జీతాల మీద కడతారు. సైకిల్ కోతలు ఆ నెలల్లో పడితే, కోత పోగా మిగిలిన జీతమే సగటులోకి వస్తుంది. నాకు అదే జరిగింది. పేస్లిప్ పట్టుకుని పేరోల్ విభాగానికి వెళ్తే, మీరు సంతకం చేసిన కాగితంలో ఇదంతా రాసే ఉందన్నారు. నిజంగానే ఉంది, మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో. పెన్షన్‌కు లెక్కించే జీతం కూడా తగ్గవచ్చు. సైకిల్ తీసుకోవద్దని నేననడం లేదు, నెలలు చూసుకుని తీసుకోండి.

కొల్లేరు:
మాకు ఇంకో రకం దెబ్బ తగిలింది. ఆరో నెలలో మా జట్టు మొత్తాన్ని తీసేశారు. మిగిలిన ఆరు నెలల అద్దెను చివరి జీతంలోంచి ఒక్కసారే కోశారు, అదీ పన్ను కట్టిన తర్వాతి సొమ్ములోంచి. మినహాయింపు సగంలోనే పోయింది. కంపెనీ వీసా స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమే పెద్ద గండం. ఆ నెలలో చేతికొచ్చే ప్రతి పౌండూ ముఖ్యమే. వీసా స్థిరపడనివారు ఖరీదైన సైకిల్ జోలికి పోకుండా ఉంటే మంచిది.

పద్దులాయన:
ఇద్దరూ చెప్పినవి నిజమే, పథకం ప్రకటనల్లో ఇవి పెద్దగా కనపడవు. ఇంకొకటి కూడా ఉంది. పథకం నడిపే సంస్థలు దుకాణం నుంచి కమీషన్ తీసుకుంటాయి కాబట్టి, తగ్గింపు ధరకు పెట్టిన సైకిళ్ళను కొన్ని దుకాణాలు ఈ పథకం వోచర్ మీద ఇవ్వవు. దుకాణదారు నగదు మీద 15 శాతం తగ్గిస్తే ఈ సైకిల్ 2,040కే వస్తుంది. పొడిగింపు లేని పథకంలో 20 శాతం పన్ను కట్టే ఉద్యోగి నష్టపోయినట్టే.

హ్యారో వాసి:
సగానికి మించి వాడకం అన్న నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

రీడింగ్ రాజు:
హ్యారో వాసి గారూ, నా ఆదివారాల లెక్క మీకెందుకు? ఏళ్ళ తరబడి జీతంలో పెద్ద భాగం పన్నులకే పోతోంది. ఇది ఎవరి దగ్గరో దేబిరించి తెచ్చుకునేది కాదు, నేను కట్టే పన్నులో కొంత నాకు మిగిలేలా ప్రభుత్వమే 1999 నుంచి ఇస్తున్న వెసులుబాటు. సైకిల్ ధర మీద వెయ్యి పౌండ్ల పరిమితి అడ్డం కాకుండా 2019లో దారి తెరిచింది కూడా ప్రభుత్వమే. ఖరీదైన సైకిల్ కొనుక్కోమన్నట్టే కదా?

గుంటూరమ్మాయి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, రాజు గారూ, కానీ ఆ చివరి మాట దగ్గర ఊరుకోలేకపోయాను. నేను లెస్టర్‌లో కేర్ వర్కర్‌ని. పొద్దున ఆరున్నరకు ఒక పెద్దావిడకు స్నానం చేయించి, అక్కడి నుంచి ఇంకో వీధిలో ఇంకొకాయనకు మందులిచ్చి, మళ్ళీ ఇంకో ఇంటికి, ఇలా రాత్రిదాకా సైకిల్ మీదే తిరుగుతాను. హ్యారో వాసి గారి షరతు ప్రకారం చూస్తే నా సైకిల్ నూటికి నూరుపాళ్ళూ పనికే. కానీ నాకు ఈ పథకం వర్తించదు. శాలరీ శాక్రిఫైస్ (ఇలా జీతంలో కొంత వదులుకోవడం) వల్ల గంటజీతం కనీస వేతనం కంటే తగ్గకూడదు. 2025 ఏప్రిల్‌లో అది 12.21 పౌండ్లయింది, మా జీతం ఎప్పుడూ కనీస వేతనం కన్నా కొన్ని పెన్నీలే ఎక్కువ. కోయడానికి మిగిలేదే లేదు. రోజంతా తొక్కేవారికి సున్నా, ఆదివారం తొక్కేవారికి 42 శాతం. మీ మైళ్ళ లెక్కలకన్నా ఇది అడగాల్సిన ప్రశ్న కాదా?

రీడింగ్ రాజు:
అమ్మా, మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ కనీస వేతన నిబంధన మీ రక్షణ కోసం పెట్టిందే కదా? నేను సైకిల్ తీసుకోకపోతే మీకు సైకిల్ వస్తుందా?

గుంటూరమ్మాయి:
రాదు. మిమ్మల్ని మానమనీ అనలేదు. మీకు మిగిలేది మీ సొమ్మే అని మీరంటున్నారు. అది జనాన్ని కార్లు దించి సైకిలెక్కించడానికి ప్రభుత్వం వదులుకున్న సొమ్ము అని నేనంటున్నాను. అలాంటప్పుడు ఎవరు ఎక్కారో చూడాలి గాని, ఎవరు ఎంత పన్ను కడుతున్నారో చూసి ఇవ్వడమేమిటి?

హ్యారో వాసి:
నేను మొదటి నుంచీ అడుగుతున్నది కూడా ఇదే. సగానికి మించి అన్న షరతు ఉన్నదే ఇందుకు.

పద్దులాయన:
ఒక సంగతి చెప్పాలి. 2003 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 244వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది ఉద్యోగికి సైకిల్ అరువివ్వడానికి. జీతంలో కోయాలన్న నియమమేదీ అందులో లేదు. కోత లేకపోతే కనీస వేతనం అడ్డు కూడా రాదు. యజమాని తన ఖర్చుతో సైకిళ్ళు కొని, సిబ్బందికందరికీ అందుబాటులో పెట్టి వాడుకోమనవచ్చు. పైగా రాజు గారి జీతంలో 2,400 కోసినందుకు వారి కంపెనీకి యజమాని వాటాగా కట్టే 15 శాతం నేషనల్ ఇన్సూరెన్స్, అంటే 360 పౌండ్లు మిగులుతాయి. పెద్ద కంపెనీలు ఆ మిగులుతో తక్కువ జీతాల సిబ్బందికి నాలుగు సైకిళ్ళు కొనిపెట్టవచ్చు. గుంటూరమ్మాయి గారూ, మీ ఏజెన్సీని ఒకసారి అడిగి చూశారా?

గుంటూరమ్మాయి:
అడిగాను సార్. సైకిల్ సంగతి తర్వాత, లైసెన్సూ కారూ ఉన్నవాళ్ళకే ముందు రౌండ్లు ఇస్తామన్నారు.

రీడింగ్ రాజు:
మా ఆఫీసు క్యాంటీన్‌లోనూ శుభ్రతా సిబ్బందిలోనూ సైకిల్ మీద వచ్చేవారున్నారు. వారు కాంట్రాక్టరు మనుషులు, మా పథకంలోకి రారు. పద్దులాయన చెప్పిన 360 పౌండ్ల సంగతి సోమవారం హెచ్‌ఆర్‌కు రాస్తాను. నా దరఖాస్తు మాత్రం పెడుతున్నాను, హ్యారో వాసి గారు ఏమన్నా సరే.

హ్యారో వాసి:
పెట్టండి. స్టేషన్‌కు మాత్రం కొత్తదాని మీదే వెళ్ళండి.