అప్‌డేట్: ట్రిప్ 35 బాగానే ఉంది!

బ్యాటరీ పెట్టే చోటే లేని నా పాత ఫిల్మ్ కెమెరా ఒలింపస్ ట్రిప్ 35లో అప్పుడప్పుడు షట్టర్ పడడం లేదని, వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా కనిపిస్తోందని ఇంతకుముందు అడిగాను. మీరు చెప్పినట్టే సెలీనియం సెల్‌ను (బ్యాటరీ లేకుండానే వెలుతురును కొలిచే భాగం) పరీక్షించాను. డయల్ ‘ఎ’ (ఆటో) మీద పెట్టి, ఫిల్మ్ తిప్పి, కెమెరాను వెలుతురు వైపు పెట్టి బటన్ నొక్కితే క్లిక్‌మంది. లెన్స్ చుట్టూ ఉన్న సెల్‌ను చేత్తో మూసి నొక్కితే జెండా లేచి షట్టర్ ఆగిపోయింది. అంటే సెల్ బతికే ఉంది, చాలా సంతోషంగా ఉంది! వెలుతురు చాలకపోతే ఫిల్మ్ వృథా కాకుండా కెమెరానే ఆపేస్తోందన్నమాట.

షట్టర్ వేగం 1/40 లేదా 1/200 సెకను, ఏది కావాలో కెమెరా అదే ఎంచుకుంటుంది. మన పనల్లా దూరం చూసుకోవడమే. లెన్స్ మీద ఉన్న ఒక మనిషి, ఇద్దరు, గుంపు, కొండ గుర్తులు వరుసగా 1 మీటరు, 1.5 మీటర్లు, 3 మీటర్లు, అనంతానికి (చాలా దూరానికి). వ్యూఫైండర్‌లో ఫోకస్ తెలియదు కాబట్టి ప్రతి ఫొటోకీ ఇది గుర్తుంచుకోవాలి. ఫ్లాష్‌కి మాత్రం డయల్‌ను ఎఫ్ నంబర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) మీదకు తిప్పాలి, అప్పుడు వేగం 1/40 దగ్గరే ఉంటుంది.

ఇక వెనక తలుపు దగ్గర, లోపలికి వెలుతురు రాకుండా ఆపే నురగ (ఫోమ్) సీళ్లు జిగురుగా మారాయి. కొత్త రోల్ వేసేలోపు అవి మారుస్తాను.