రెజ్యూమేలో ట్రాకింగ్ లింకులు పెట్టాలా, వద్దా?

కోడ్‌మిర్చి: ప్లేస్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. రెజ్యూమేలో పోర్ట్‌ఫోలియో లింకును బిట్లీలో (లింకులను కుదించి, క్లిక్కులు లెక్కపెట్టే సైట్) కుదించి పెడితే హెచ్‌ఆర్ తెరిచారో లేదో తెలిసిపోతుందట. ఇది నిజంగా పనికొస్తుందా, లేక ఉత్త ఆరాటమేనా? అనుభవాలు వద్దు, ఎలా పనిచేస్తుందో చెప్పండి.

రిక్రూట్‌డెస్క్: వద్దు. ఫిషింగ్ (నకిలీ లింకులతో చేసే మోసం) మీద శిక్షణ ఇచ్చే కంపెనీల్లో తరచూ చెప్పే పాఠం ‘కుదించిన లింకు నొక్కొద్దు’ అనే. కొన్నిచోట్ల ఆఫీసు నెట్‌వర్క్ ఫిల్టరే దాన్ని ఆపేస్తుంది. పైగా చాలా ఏటీఎస్‌లు (కంపెనీలు రెజ్యూమేలను చదివించుకునే సాఫ్ట్‌వేర్లు) పీడీఎఫ్‌లోంచి అక్షరాలను మాత్రమే పీక్కుంటాయి. ‘ఇక్కడ నొక్కండి’ అనే మాట కింద దాచిన లింకు అక్కడ మాయం, ఉత్త మాట మిగులుతుంది. లింకు ఏదైనా సరే, చిన్నగా, చదివితే అర్థమయ్యేలా, పూర్తి అక్షరాల్లో రాయండి.

వెబ్‌కూలీ: బిట్లీ వద్దన్నంతవరకూ మీతో ఏకీభవిస్తాను. ట్రాకింగే వద్దంటే ఒప్పుకోను. సొంత డొమైన్ ఉంటే మీరు చెప్పిన రెండు చిక్కులూ పోతాయి.

సైట్ ఉంచింది నెట్లిఫైలో గానీ క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో గానీ అయితే, సైట్ ఫోల్డర్‌లో చిన్న లింకును అసలు అడ్రస్‌కు మళ్లించే రీడైరెక్ట్స్ ఫైల్ పెట్టాలి (పేరు ముందు అండర్‌స్కోర్ తప్పనిసరి). వరుసకు మూడు ముక్కలు: ముందు చిన్న దారి, తర్వాత యూటీఎంలు (క్లిక్కు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే తోకలు) తగిలించిన అసలు అడ్రస్, చివర 302 (తాత్కాలిక మళ్లింపు అని అర్థం). ఆ చివరి అంకె ముఖ్యం. 301 (శాశ్వత మళ్లింపు) పెడితే బ్రౌజర్ దారిని గుర్తుపెట్టేసుకుంటుంది, తర్వాత మీరు గమ్యం మార్చినా పాత చోటికే పోతుంది. గిట్‌హబ్ పేజెస్‌లో ఈ ఫైల్ పనిచేయదు.

యూటీఎం సోర్స్‌లో నౌక్రీ, రిఫరల్, లింక్డ్‌ఇన్ లాంటివి. అన్నీ చిన్న అక్షరాల్లోనే రాయండి, పెద్ద అక్షరంతో ఒకసారి రాస్తే జీఏ4 (సైట్ సందర్శనలు లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్) దాన్ని వేరే సోర్స్‌గా లెక్కేస్తుంది. క్యాంపెయిన్‌లో రెజ్యూమే వెర్షన్: వీ1, వీ2. అంతే. అడ్రస్ బార్‌లో అవతలివాళ్లకు అంతా కనిపిస్తుంది కాబట్టి అక్కడ ‘బ్యాకప్ కంపెనీ’ అని రాసుకునే తెలివి చూపించకండి.

రిక్రూట్‌డెస్క్: సరే, లింకు చక్కగా ఉందనుకుందాం. వచ్చే క్లిక్కు మనిషిదేనని గ్యారంటీ ఏంటి? మైక్రోసాఫ్ట్ డిఫెండర్, ప్రూఫ్‌పాయింట్, మైమ్‌కాస్ట్ లాంటి మెయిల్ భద్రతా స్కానర్లు మెయిల్‌లోని లింకులను మనిషి కంటే ముందే తెరిచి చూస్తాయి. అభ్యర్థేమో ‘రెండు నిమిషాల్లో చూసేశారు!’ అని సంబరపడతాడు.

వెబ్‌కూలీ: అందుకే బిట్లీ అంకె నమ్మొద్దంటున్నా. దాని లెక్క సర్వర్‌లో పడుతుంది, మనిషి కాక స్కానర్ తట్టినా పెరగొచ్చు. వాట్సాప్‌లో లింకు పేస్ట్ చేయగానే ప్రివ్యూ కోసం మీ ఫోనే వెళ్లి ఆ పేజీ తలుపు తడుతుంది! జీఏ4 లెక్క పేజీలో జావాస్క్రిప్ట్ నడిస్తేనే పడుతుంది కాబట్టి మామూలు స్కానర్లు జల్లెడలో ఆగిపోతాయి. కొన్ని స్కానర్లు అసలు బ్రౌజర్‌లోనే తెరుస్తాయి, అవి మాత్రం దూరతాయి. మెయిల్ పంపిన నిమిషంలోపు వచ్చి, ఎంగేజ్‌మెంట్ దాదాపు సున్నా ఉన్నవాటిని కొట్టేయండి. జీఏ4లో 10 సెకన్లు దాటిన సెషన్‌ను ‘ఎంగేజ్డ్’ అంటారు, చూడాల్సింది ఆ కాలమ్. ఇంకోటి: ఇంటర్నల్ ట్రాఫిక్ ఫిల్టర్‌లో మీ ఇంటి ఐపీ పెట్టండి, లేదంటే మీ క్లిక్కులను మీరే చూసి మురిసిపోతారు.

సున్నా_పక్కన_ఒకటి: రివర్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. బ్రేవ్ బ్రౌజర్, యూబ్లాక్ లాంటి ట్రాకింగ్‌ను ఆపేవి ఉన్నవాళ్లు తెరిచినా జీఏ4లో కనపడరు. జర్మనీ లాంటి చోట్ల కంపెనీలకు పంపితే కుకీ అనుమతి అడగాలి, వద్దంటే అక్కడా పూర్తి లెక్క రాదు. కాబట్టి సున్నా అంటే చూడలేదని కాదు.

ఇక అంకెల మాట. 30 అప్లికేషన్లకు ఒక్క క్లిక్కూ రాలేదనుకోండి. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది, అసలు రేటు 10 శాతం లోపే ఉండొచ్చు అని మాత్రమే. వీ1, వీ2ల్లో ఒకదానికి 10 శాతం, రెండోదానికి 20 శాతం క్లిక్కులు వస్తున్నాయని గట్టిగా తేల్చాలంటే ఒక్కోదానికి దాదాపు 200 అప్లికేషన్లు కావాలి. 20కి నాలుగు, 20కి రెండు వచ్చాయని రెజ్యూమే మార్చేయడం బొమ్మా బొరుసూ వేసుకోవడమే.

వెబ్‌కూలీ: ఒప్పుకుంటాను. వెర్షన్ల పోటీకి చాలదు. కానీ అప్లికేషన్ పంపే దారుల మధ్య తేడాకు చాలు. నౌక్రీలో 60కి ఒకటి, రిఫరల్స్‌లో 8కి 5 అయితే, రోజూ సాయంత్రం ఏ పని మీద కూర్చోవాలో తెలియడానికి 200 అక్కర్లేదు.

కోడ్‌మిర్చి: మెయిల్‌లో కనపడని పిక్సెల్ (చుక్కంత బొమ్మ) పెట్టి, ‘ఓపెన్’ లెక్కపెడితే?

సున్నా_పక్కన_ఒకటి: దండగ. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన యాపిల్ మెయిల్ ప్రైవసీ, మనిషి తెరవకపోయినా ఆ బొమ్మను తనే దించేస్తుంది. జీమెయిల్ తన ప్రాక్సీ (మధ్యలో ఉండే గూగుల్ సర్వర్) మీదుగా దించుతుంది.

రిక్రూట్‌డెస్క్: లింక్డ్‌ఇన్ ఈజీ అప్లైలో అప్లికేషన్ చూశారని వాళ్లే చెబుతారు, ముందు దాన్ని చూసుకోండి. గూగుల్ డ్రైవ్ లింకు పెట్టేవాళ్లు ‘లింకు ఉన్న ఎవరైనా’ అని మార్చి, ఇన్‌కాగ్నిటోలో ఒకసారి తెరిచి చూడండి. అనుమతి అడిగే పేజీ వస్తే అక్కడితో కథ ముగిసినట్టే, అభ్యర్థి ఒప్పుకునేదాకా ఎవరూ కాచుకుని కూర్చోరు.

క్లిక్కు వచ్చింది కదాని ‘మంగళవారం నా సైట్ చూశారు కదండీ’ అని మాత్రం రాయకండి. ఒళ్లు జలదరిస్తుంది. వారం తర్వాత, క్లిక్కు వచ్చినా రాకపోయినా, ఒకేలాంటి ఫాలో‌అప్ పంపండి.

వెబ్‌కూలీ: క్లిక్కు వచ్చినవాళ్లకు ముందు పంపుతాను, అంతే తేడా.