2007 జిప్సీ: 50 దాటితే గుయ్యిమని రొద, క్రౌన్ పీనియన్ మార్చాలంటున్నారు, నిజమేనా?

ఈసీఐఎల్_జిప్సీ

అందరికీ నమస్తే. నాది 2007 మారుతి జిప్సీ కింగ్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి, పెట్రోల్, సాఫ్ట్ టాప్. 50 కిలోమీటర్ల స్పీడు దగ్గర సన్నగా మొదలై 60-65 మధ్య గుయ్యిమని ఒకటే రొద. 75 దాటాక తగ్గుతుందో, గాలి హోరులో కలిసిపోతుందో తెలీదు. యాక్సిలరేటర్ వదిలినా ఆగదు, కాస్త స్వరం మారుతుంది అంతే. దానికి తోడు రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చి క్లచ్ వదలగానే కింద టక్‌మని ఒక దెబ్బ. వానాకాలంలో అనంతగిరి వైపు వెళ్ళినప్పుడు బండిని వాగులో దింపాం, అప్పటినుంచే ఇదంతా అని మా తమ్ముడు అంటాడు, నాకైతే అంతకు ముందు నుంచీ ఎంతో కొంత ఉందనే అనుమానం.

ఒక మెకానిక్ చిన్న రౌండు వేసి వచ్చి "వెనక క్రౌన్ పీనియన్ పోయింది సార్, సెట్టు మార్చాల్సిందే" అన్నాడు, అంటే యాక్సిల్ మధ్యలో షాఫ్ట్ తిప్పుడును చక్రాలకు మళ్ళించే పళ్ళ జత అట. ఇంకొకాయన బానెట్ దగ్గర నిలబడే గేర్‌బాక్స్ దింపాలన్నాడు. ఇద్దరిదీ చెరో మాట. ఎవరి మాట విన్నా చేతిచమురు వదిలేదే, పైగా పోయింది అదో కాదో కూడా తేలలేదు. ఏదైనా విప్పించే ముందు ఇంటి దగ్గరే నేను చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

తార్నాక_టైర్

ముందు టైర్లు ఏవో చెప్పు భయ్యా. మడ్ టైర్లయితే సగం కేసు అక్కడే క్లోజ్. గడుల అంచులు మెట్లుమెట్లుగా అరిగాయేమో చేత్తో తడిమి చూడు. గాలి ఓ ఐదారు పాయింట్లు ఎక్కువ కొట్టించి అదే రోడ్డు మీద అదే స్పీడులో పో. రొద మారిందంటే టైరే.

ఫోర్‌బైఫోర్_బాబు

ఇంత ఆలోచన ఎందుకు బ్రో, 4హెచ్ (నాలుగు చక్రాలకూ పవర్) వేసి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఒకసారి గట్టిగా లాగు. ముందు నుంచో వెనక నుంచో నీకే తెలిసిపోతుంది.

పాతఇనుము

బాబు గారు, ఆ పని మాత్రం చేయించకండి. జిప్సీకి మధ్యలో డిఫరెన్షియల్, అంటే ముందూ వెనకా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే పళ్ళ సెట్టు, లేదు. 4హెచ్‌లో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరగాలి, మలుపులోనేమో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, ఆ మెలి అంతా క్రాసుల (షాఫ్ట్ కీళ్ళ) మీద, పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ళ మీద పడుతుంది. లేని చప్పుడు కొనితెచ్చుకున్నట్టే.

ఈసీఐఎల్ గారు, మీ బండిలో ఒక సౌకర్యం ఉంది. గేర్‌బాక్స్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేసు వేరు, రెండింటినీ కలిపేది మధ్యలో ఉన్న పొట్టి షాఫ్ట్. అందుకని ఏదీ విప్పకుండా లీవర్లు, హబ్బులతోనే (ముందు చక్రాన్ని యాక్సిల్‌కి కలిపే, విడదీసే లాకులు) బండిని ముక్కలుగా విడదీసి వినొచ్చు.

మొదట బండి నిలబెట్టే చేయండి. సమతలం మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి, ఇది మానొద్దు. ట్రాన్స్‌ఫర్ లీవరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి మామూలుగా ఫస్ట్ నుంచి ఫిఫ్త్ దాకా గేర్లు మార్చండి. బండి కదలదు, కానీ గేర్‌బాక్స్, పొట్టి షాఫ్ట్, ట్రాన్స్‌ఫర్ ఇన్‌పుట్ అన్నీ తిరుగుతాయి. రొద ఇక్కడే వినిపిస్తే గేర్‌బాక్స్ దింపాలన్న ఆయన మాటలో పస ఉన్నట్టు. వినిపించకపోతే అనుమానం ట్రాన్స్‌ఫర్ అవతలికి పోతుంది. ఒక్కటి, ఇక్కడ లోడ్ ఉండదు కాబట్టి లోడ్ మీద మాత్రమే అరిచే బేరింగు ఈ పరీక్షలో నోరు విప్పకపోవచ్చు.

తర్వాత రోడ్డు మీద. ఔటర్ మీద వద్దు, పక్కన సర్వీస్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చూడండి. 65కి తీసుకెళ్ళి గేర్ న్యూట్రల్ చేసి వదిలేయండి, ఇంజన్ ఆపొద్దు. రొద అలాగే ఉండి స్పీడుతో పాటు దిగుతుంటే అది చక్రాలతో పాటు తిరిగే సామాను. అదే స్పీడులో స్టీరింగ్ మెల్లగా కుడికీ ఎడమకీ ఊపండి. ఒకవైపు ఊపినప్పుడే పెరిగితే బరువు పడిన వైపు వీల్ బేరింగ్ చూడాలి. పొడవాటి గోడ పక్కన కిటికీ దించి నడిపితే ముందా వెనకా అన్నది చెవికి బాగా దొరుకుతుంది.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఒక రకంగా అరిస్తే క్రౌన్, పీనియన్ మీద అనుమానపడటంలో తప్పులేదు. కానీ జిప్సీకి క్రౌన్లు రెండు. వెనకదే అని మీ మెకానిక్ ఎలా తేల్చాడో! ముందు హబ్బులు ఫ్రీలో ఉన్నాయా, లాక్‌లోనా? చెప్పండి.

ఈసీఐఎల్_జిప్సీ

చాలా థాంక్స్ అన్నా. హబ్బులు రెండూ ఫ్రీలోనే ఉన్నాయి, డయల్ మీద అలాగే చూపిస్తోంది. టైర్లు రోడ్డువే, గాలి పెంచినా తేడా లేదు. నిలబెట్టి గేర్లు మార్చితే రొద అసలు లేదు, కానీ కింద కిచకిచమని ఒక సన్నటి చప్పుడు, ఐడిలింగ్‌లోనే బాగా తెలుస్తోంది. న్యూట్రల్‌లో వదిలేస్తే రొద అలాగే ఉంది, స్పీడుతో పాటే దిగింది. స్టీరింగ్ ఊపితే మార్పేం లేదు.

పాతఇనుము

కిచకిచ అంటే పొట్టి షాఫ్ట్ క్రాసు ఎండిపోయింది. నిప్పల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉంటే గ్రీజు గన్‌తో నాలుగు సీళ్ళ దగ్గరా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. ఒక్క మూల రాకపోయినా ఆ కప్పులో సూది బేరింగులు అరిగిపోయినట్టే అనుకోండి. షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టి క్రాసు దగ్గర ఆట ఉందేమో కూడా చూడండి. టక్ మాత్రం బహుశా ట్రాన్స్‌ఫర్ కేసు మౌంటు రబ్బర్లది. ఒక రాడ్ పెట్టి కేసును మెల్లగా ఎత్తితే రబ్బరు చీలిక నోరు తెరుస్తుంది.

ఇక రొద. డయల్ మీద రాసింది నమ్మొద్దు. బండి 2హెచ్‌లో (వెనక చక్రాలకే పవర్) పెట్టి, స్టాండు వేసి, ముందు చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చేత్తో తిప్పండి. హబ్బు నిజంగా ఫ్రీ అయితే చక్రం ఒక్కటే తిరగాలి.

ఈసీఐఎల్_జిప్సీ

అన్నా దొరికింది! ఎడమది హాయిగా తిరిగింది. కుడిది తిప్పితే చేతికి బరువు, ముందు హౌసింగ్ (క్రౌన్ పీనియన్ ఉండే డబ్బా) లోపల పళ్ళు కదులుతున్న చప్పుడు, ముందు షాఫ్ట్ కూడా కొంచెం కొంచెం కదులుతోంది. హబ్బు మూత విప్పితే లోపల గ్రీజు తుప్పుతో, బురదతో కలిసి గట్టిపడి ఉంది. డయల్ తిరుగుతోంది గానీ లోపలి రింగు లాక్ దగ్గరే ఇరుక్కుపోయింది. కిరోసిన్‌తో కడిగి, పల్చగా గ్రీజు రాసి బిగించాను. ఇప్పుడు 65లో పక్కన కూర్చున్నవాళ్ళతో మామూలుగా మాట్లాడుకోవచ్చు. టెన్షన్ పోయింది.

తార్నాక_టైర్

క్రౌన్ సెట్టు డబ్బులు మిగిలాయిగా, బిర్యానీ ఎప్పుడు?

పాతఇనుము

బిర్యానీ కాస్త ఆగనీ శ్రీమాన్. ఒకవైపు హబ్బు లాక్ పడి, రెండో వైపు ఫ్రీగా ఉంటే, మీరు 2హెచ్‌లో పోతున్నా ముందు డిఫరెన్షియల్ లోపల చిన్న పళ్ళు ఊరికే తిరుగుతూనే ఉంటాయి, షాఫ్ట్ కూడా కొంత తిరుగుతుంది. బాగున్న హౌసింగ్ అలా తిరిగినా ఇంత రొద చేయదు. మీరు హబ్బు వదిలించాక అది తిరగడం మానేసింది, అందుకే నిశ్శబ్దం. లోపల పోయింది పోయినట్టే ఉంటుంది, మళ్ళీ ఘాట్‌లో బురదలో 4హెచ్ వేసినప్పుడు బయటపడుతుంది.

కాబట్టి ఇప్పుడు రెండు హబ్బులూ కావాలనే లాక్ చేసి, లీవరు 2హెచ్‌లోనే ఉంచి తారు మీద నడపండి. ఇలా నడిపితే మెలి పడదు, ముందు భాగం ఊరికే వెంట తిరుగుతుంది. రొద తిరిగొస్తే ముందు హౌసింగే. ఆ డ్రెయిన్ బోల్టు కూడా విప్పి చూడండి. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే వాగు నీళ్ళు లోపలికి పోయినట్టు. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదర్ (హౌసింగ్ గాలి పీల్చే దారి) మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. మీ తమ్ముడి మాట కొట్టిపారేయకండి.

ఈసీఐఎల్_జిప్సీ

లాక్ చేస్తే రొద వచ్చేసింది అన్నా, అచ్చం అదే. నూనె మీరన్నట్టే టీ రంగు. అడుగున బూడిద రంగు పేస్టు ఉంది, ముక్కలు మాత్రం లేవు. ముందు షాఫ్ట్ విప్పి పీనియన్ ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే పళ్ళెం) పట్టుకుని ఊపితే పైకీ కిందికీ కొంచెం ఆట తెలుస్తోంది.

పాతఇనుము

పీనియన్ బేరింగులు. ముక్కలు లేవంటే పళ్ళు బాగుండే అవకాశం ఎక్కువ, బయటికి తీశాక పళ్ళ మీద చారలు, గుంటలు చూసుకోండి. ముందు క్రౌన్ బయటికి రావాలంటే రెండు వైపులా యాక్సిల్ షాఫ్టులు లాగాలి, లేబర్ దానికే ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే. విప్పిన బేరింగుల మీద నంబర్లు చూసుకుని రాణీగంజ్‌లో బేరింగ్ షాపులకు వెళ్తే సరిపోతుంది, బండి పేరు చెప్పి అడగాల్సిన పనే లేదు. మౌంటు రబ్బర్లు, సీళ్ళు జాంబాగ్ వైపు వెతకండి.

బిగించేటప్పుడు మాత్రం దగ్గరుండండి. పీనియన్ నట్టును ఇంపాక్ట్ గన్‌తో టకటకా కొట్టేస్తానంటే ఒప్పుకోవద్దు. లోపల నలిగే స్పేసర్ ఉంటుంది, అది కొత్తది వేసి కొంచెం కొంచెం బిగిస్తూ పీనియన్ తిప్పడానికి పట్టే బిగువు చూసుకోవాలి. ఎక్కువ నలిపేస్తే వెనక్కి వదులు చేయడం కుదరదు, ఇంకో స్పేసర్ వేయాల్సిందే. పీనియన్ కింద షిమ్ములు (పల్చటి వాషర్లు) ఏ మందంలో వచ్చాయో అవే తిరిగి వేయించండి. గేర్ నూనె జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90 చిక్కదనం. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజుల మీద రెండు వైపులా గుర్తు గీసుకోండి.

ఈసీఐఎల్_జిప్సీ

అలాగే అన్నా. మరి వెనక హౌసింగ్ నూనె కూడా ఇప్పుడే మార్చేయనా?

పాతఇనుము

అదీ అదే వాగులో దిగిందిగా, మార్చేయండి. ట్రాన్స్‌ఫర్ కేసుది కూడా విప్పి చూడండి. బ్రీదర్లు ఊదడం మర్చిపోకండి.